‘వచ్చెను’, ‘వచ్చిరి’ చదివినవాళ్లకు పాసే సేంప్ల్ అంత కష్టమా?

ప్రశ్న: ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్నాను, మార్కులు బాగా పడతాయని అందరూ తీసుకున్నట్టే. తర్వాత నిజంగానే ఇష్టం పుట్టి, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం క్లాసులకు వెళ్లి బీ2 స్థాయి దాకా వచ్చాను. మాట్లాడగలను, వార్తలు వింటే అర్థమవుతాయి. ఈమధ్య ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర ఫ్రెంచి రచయిత మొపాసాఁ కథల పుస్తకం ఒకటి దొరికింది. తెరిచి చూస్తే సగం క్రియలు నేనెప్పుడూ చూడనివి. ‘ఫ్యూ’ అని ఒక మాట పేజీకి నాలుగుసార్లు వస్తోంది, డిక్షనరీలో వెతికితే దొరకలేదు. క్లాసులో అడిగితే అది పాసే సేంప్ల్ అని, రాతలో మాత్రమే వచ్చే భూతకాలమని చెప్పి, ఆరు వరసల పట్టిక ఇచ్చి కంఠతా పట్టమన్నారు. పట్టాను. నూ ఫినీమ్, వూ ఫినీత్ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అయినా పుస్తకం పట్టుకుంటే మళ్లీ మొదటికే. ఎవరూ మాట్లాడని ఈ కాలం అసలు నేర్చుకోవాలా? నేర్చుకోవాలంటే వేరే దారి ఏదైనా ఉందా? పరీక్షలో రాయమంటారేమోనని ఒక టెన్షన్ కూడా ఉంది.
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: మొపాసాఁను చదవాలంటే నేర్చుకోవాల్సిందే. అయితే మీరు పట్టిన దారిలో కాదు. కంఠతా పట్టిన ఆరు వరసల్లో కథల పుస్తకంలో మీకు అడుగడుగునా తగిలేవి రెండే. అతడు, ఆమె అనే వరస ఒకటి, వాళ్లు అనే వరస ఒకటి. మీరు గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగే నూ ఫినీమ్, వూ ఫినీత్ లాంటివి పేజీలకు పేజీలు తిప్పినా కనబడవు. శ్రమంతా అక్కర్లేని చోట పడింది, అందుకే మళ్లీ మొదటికి వచ్చారు. ఫ్రాన్స్‌లో పిల్లలకు కూడా ఆరూ ఒకేసారి ఎత్తించరు. 2016లో అమల్లోకి వచ్చిన సిలబస్‌లో ప్రైమరీ చివరి తరగతుల పిల్లలకు ఈ కాలంలో ప్రథమ పురుష, అంటే ఈ రెండు వరసలు మాత్రమే చాలన్నారు. దానిమీద పెద్ద గొడవే అయింది, భాష పాడైపోతోందని వాపోయినవాళ్లు వాపోయారు. నాకైతే అందులో తప్పేమీ కనబడలేదు. చదవడానికి ఏది ముందు కావాలో అదే ముందు చెప్పారు.

ముందుగా ఒక మాట. ఇక్కడ ఫ్రెంచి మాటల ఉచ్చారణను తెలుగులో రాస్తున్నాను. నేను ‘యూ’ గుణింతంతో రాసినవన్నీ మీకు తెలిసిన ఆ శబ్దమే, పెదవులు ‘ఊ’కు చుట్టినట్టు చుట్టి ‘ఈ’ అనడం. చివర పలకని అక్షరాలు అవసరమైన చోట ఏ, ఈ, ఐ, టీ అని ఇంగ్లీష్ అక్షరాల పేర్లతో విడిగా చెబుతాను. ఈ కాలంలో చిక్కంతా ఆ పలకని అక్షరాల దగ్గరే ఉంది మరి.

ఎవరూ మాట్లాడని కాలం అన్నారు. నిజమే, ఇవాళ మార్కెట్లోనో మెట్రోలోనో ఎవరూ దీన్ని వాడరు. నిన్న సినిమాకు వెళ్లాను అనడానికి పాసే కోంపోజే అనే ఇంకో భూతకాలం చాలు. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1660లో వచ్చిన పోర్ రొయాల్ వ్యాకరణం చూస్తే, రెండింటికీ మధ్య గీత రోజు దగ్గర గీశారు. ఇవాళ జరిగినదానికి పాసే కోంపోజే, కనీసం ఒక రోజు కిందట జరిగినదానికి పాసే సేంప్ల్. అంటే అప్పటికి ఇది మాటలో ఉన్న కాలమే. తర్వాత పాసే కోంపోజే నిన్నను, మొన్నను, కిందటేడును కూడా మింగేసింది. పాసే సేంప్ల్ నోటిలోంచి జారి కాగితం మీద నిలబడిపోయింది. 1959లో ఎమీల్ బాంవెనీస్త్ అనే భాషా శాస్త్రవేత్త దీన్ని చక్కగా తేల్చాడు. మాట్లాడేవాడు తన గురించి, ఎదుటివాడి గురించి, ఇప్పటి గురించి చెబితే ఒక పద్ధతి. చెప్పేవాడు పక్కకు తప్పుకుని, జరిగినవి వాటంతట అవే జరిగిపోయినట్టు చెబితే ఇంకో పద్ధతి. పాసే సేంప్ల్ ఈ రెండోదానిది. ‘అతడు’ వరస ఎక్కువగా, ‘నువ్వు’ వరస దాదాపు శూన్యంగా ఉండటానికి కారణం కూడా ఇదే. కథలో రచయిత పాఠకుడితో ‘నువ్వు అప్పుడు తలుపు తీశావు’ అని చెప్పడు కదా.

ఇక్కడే మీరు తెలుగువారు కావడం పనికొస్తుంది. ‘అనగనగా ఒక ఊరిలో ఒక రాజు ఉండెను. అతనికి ఏడుగురు కొడుకులు పుట్టిరి.’ దీన్ని ఏ తెలుగు పిల్లవాడైనా ఆగకుండా చదువుతాడు. ఉండెను, పుట్టిరి, చెప్పెను, పోయిరి అని ఇంట్లో ఎవరూ అనరు. అన్నం తినేటప్పుడు ‘చారు బాగుండెను’ అంటే నవ్వుతారు. వచ్చితిని, వచ్చితివి, వచ్చితిమి అని పట్టిక ఇచ్చి మీకెవరూ కంఠతా పట్టించలేదు. అయినా పాత పుస్తకంలో ‘మేము పోయితిమి’ కనబడితే అర్థమవుతుంది, మీరు మాత్రం జన్మలో రాయరు. పాసే సేంప్ల్‌తో మీకు కావలసిన చుట్టరికం సరిగ్గా ఇంతే. చూస్తే గుర్తుపట్టాలి, నోట రానక్కర్లేదు.

ఈ పోలిక సగం దూరమే వస్తుందని కూడా చెప్పాలి. గిడుగు వారి ఉద్యమం తర్వాత మన కథల్లోంచి ‘వచ్చెను’ తప్పుకుంది. ఇవాళ ఎవరైనా నవలలో అలా రాస్తే వెటకారానికో, పాతకాలం వాసన కోసమో అనుకుంటాం. ఫ్రెంచిలో అలా కాదు. నిన్నగాక మొన్న అచ్చయిన డిటెక్టివ్ నవలలో కూడా పోలీసాయన పాసే సేంప్ల్‌లోనే తలుపు తోసుకుని లోపలికి వస్తాడు. చరిత్ర పుస్తకాలు, జీవిత చరిత్రలు, పిల్లల కథలు, అన్నిట్లోనూ ఇదే. అది వాళ్లకు పాతబడిన భాష కాదు, కథ చెప్పే గొంతు. కాబట్టి మొపాసాఁ పాతకాలం వాడు, కొత్తవి చదువుకుంటే గొడవ వదిలిపోతుంది అనుకోకండి.

ఇక రూపాల సంగతి. మీ పట్టికలో క్రియలు ఈ-ఆర్, ఐ-ఆర్, ఆర్-ఈ అని మూడు గుంపులుగా ఉండి ఉంటాయి. చదివేవాళ్లకు ఆ విభజన పెద్దగా ఉపయోగపడదు. మీ కంటికి కనబడేది క్రియ తోక కాబట్టి తోకను బట్టి పట్టుకోండి. అచ్చులు నాలుగే: ఆ, ఈ, యూ, ఏఁ.

‘ఆ’ గుంపు అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే తేలిక. పార్లే లాంటి క్రియలన్నీ ఇందులోవే, ఫ్రెంచి క్రియల్లో పదింట తొమ్మిది ఇలాంటివే. ఇల్ పార్లా, అతడు మాట్లాడాడు. ఇల్ పార్లేర్, వాళ్లు మాట్లాడారు. ఏకవచనంలో చివర ఏ ఒక్కటే, టీ ఉండదు. బహువచనంలో పైన గ్రావ్ అనే గుర్తు ఉన్న ఈ, తర్వాత ఆర్-ఈ-ఎన్-టీ. పాసే కోంపోజేలో, వర్తమానంలో పిచ్చి వేషాలు వేసే ‘ఆలే’ క్రియ కూడా ఇక్కడ బుద్ధిగా ఉంటుంది: ఇల్ ఆలా, ఇల్ జాలేర్. మాంజే, కొమాంసే లాంటి వాటిలో స్పెల్లింగ్ మాత్రం కొంచెం చూసుకోండి. మాంజా అని పలకడానికి జీ తర్వాత ఒక ఈ నిలుపుతారు, కొమాంసా అనడానికి సీ కింద తోక పెడతారు. మాంజేర్, కొమాంసేర్ అనే బహువచనంలో ఆ అవసరం లేదు కాబట్టి రెండూ మాయం.

‘ఈ’ గుంపులో ఏకవచనం ఐ-టీ, బహువచనం ఐ-ఆర్-ఈ-ఎన్-టీ. ఫినీర్ నుంచి ఫినీ, ఫినీర్. వాంద్ర్ నుంచి వాందీ, వాందీర్. వీటితో పేచీ లేదు. పేచీ అంతా పొట్టి క్రియలతో. ఫేర్ కాస్తా ఫీ అవుతుంది, వ్వార్ వీ అవుతుంది, ప్రాంద్ర్ ప్రీ అవుతుంది, మెత్ర్ మీ అవుతుంది. రెండు మూడు అక్షరాలే మిగులుతాయి, అసలు క్రియ ఏదో ఆనవాలు దొరకదు. మీ డిక్షనరీ చేతులెత్తేసింది ఇలాంటి చోటే. ఇంకో రకం ఉంది, అక్కడ మధ్యలో ఒక హల్లు కొత్తగా వచ్చి కూర్చుంటుంది. ఎక్రీర్ నుంచి ఎక్రివీ, కోంద్వీర్ నుంచి కోంద్వీజీ, క్రేంద్ర్ నుంచి క్రేఞీ. పుట్టడం అనే నెత్ర్ నుంచి నకీ. జీవిత చరిత్ర ఏది తెరిచినా మొదటి వాక్యంలో ‘నకీ’ దర్శనమిస్తుంది కాబట్టి అదొక్కటీ వెంటనే వచ్చేస్తుంది.

‘యూ’ గుంపులో ఏకవచనం యూ-టీ, బహువచనం యూ-ఆర్-ఈ-ఎన్-టీ. మిమ్మల్ని ఏడిపించిన ‘ఫ్యూ’ ఇక్కడిదే. అది ఎత్ర్, ‘ఉండటం’. ఇల్ ఫ్యూ, ఇల్ ఫ్యూర్. దాని తోడు ఆవ్వార్: ఇల్ యూ, ఇల్ జ్యూర్. రాతలో ఈ-యూ-టీ అని మూడు అక్షరాలు ఉంటాయి, పలికేది ఒక్క అచ్చే. తర్వాత స్యూ (తెలిసింది), ప్యూ (చేయగలిగాడు), వూల్యూ (కావాలనుకున్నాడు), ల్యూ (చదివాడు), బ్యూ (తాగాడు), క్ర్యూ (నమ్మాడు), వేక్యూ (బతికాడు), మూర్యూ (చనిపోయాడు).

‘ఏఁ’ గుంపులో వెనీర్, తెనీర్, వాటి పిల్లలు మాత్రమే. వేఁ, వేఁర్, తేఁ, తేఁర్. రెవెనీర్, దెవెనీర్, ఒప్తెనీర్ అన్నీ ఇదే బాట.

‘యూ’ గుంపు పట్టుకోవడానికి మీకు ఇప్పటికే తెలిసిన ఒక ఆనవాలు ఉంది. పాసే కోంపోజేలో సహాయక క్రియ పక్కన వచ్చే పార్తిసీప్‌ను గుర్తు తెచ్చుకోండి. జే బ్యూ, జే ల్యూ, జే స్యూ, జే ప్యూ, జే వూల్యూ, జే వేక్యూ అంటారు కదా. దాని చివర ఒక టీ తగిలిస్తే పాసే సేంప్ల్ ప్రథమ పురుష వచ్చేసినట్టే. ప్రీ, మీ, దీ, ఫినీ లాంటివి కూడా పార్తిసీప్ నుంచే ఊహించవచ్చు. అయితే దీన్ని గుడ్డిగా నమ్మకండి. వ్వార్ క్రియకు పార్తిసీప్ ‘వ్యూ’, పాసే సేంప్ల్ మాత్రం ‘వీ’. వాంద్ర్, పెర్ద్ర్, ఆతాంద్ర్ లాంటి వాటికి పార్తిసీప్ చివర ‘ద్యూ’ వస్తుంది, పాసే సేంప్ల్ చివర ‘దీ’ వస్తుంది. వెనీర్‌కు పార్తిసీప్ ‘వెన్యూ’, ఇక్కడ ‘వేఁ’. తేడా కొట్టేవి ఉన్నా, రాసేటప్పుడే ఇబ్బంది. చదివేటప్పుడు ఈ ఆనవాలు నూటికి తొంభై సార్లు గట్టెక్కిస్తుంది అనిపిస్తుంది నాకు.

ఇక తికమక పెట్టే జంటలు. వీటిని ముందే తెలుసుకుంటే సగం కోపం తగ్గుతుంది. ‘ఇల్ దీ’ అన్నది చెబుతాడా, చెప్పాడా? రాతలోనూ పలుకులోనూ తేడా లేదు. ‘ఇల్ ఫినీ’ కూడా అంతే. చుట్టూ ఉన్న క్రియలు ఏ కాలంలో ఉంటే ఇదీ ఆ కాలమే. ‘ఇల్ వీ’ ఇంకా అన్యాయం: వీవ్ర్ వర్తమానంలో బతుకుతున్నాడు, వ్వార్ పాసే సేంప్ల్‌లో చూశాడు. రెండూ వీ-ఐ-టీ. ‘ఇల్ ప్ల్యూ’ అని చెవికి వినిపించి కాగితం మీద పీ-ఎల్-యూ-టీ కనబడితే అది వాన పడిందీ కావచ్చు, నచ్చిందీ కావచ్చు. ప్లవ్వార్, ప్లేర్ రెండూ ఒకే రూపంలోకి వచ్చి పడ్డాయి. ‘నేను’ వరసలో ఇంకో గోతి ఉంది. జ పార్లే అని ఏ-ఐ తో ఆగితే పాసే సేంప్ల్, మాట్లాడాను. చివర ఒక ఎస్ ఉంటే ఏంపార్ఫే, అంటే జరుగుతూ ఉన్న పనిని చెప్పే భూతకాలం: మాట్లాడుతూ ఉన్నాను, మాట్లాడేవాణ్ణి. ఆ ఎస్ పలకదు. పలుకులో కొద్దిపాటి తేడా ఉందని వ్యాకరణం చెబుతుంది కానీ చాలామంది ఫ్రెంచివాళ్లు దాన్ని పాటించరు, వాళ్లే రాతలో తప్పులు చేస్తారు. ఇంకొకటి, ‘ఫ్యూ’లో యూ మీద టోపీ కనబడితే అది పాసే సేంప్ల్ కాదు, స్యూబ్జోంక్తిఫ్ అనే క్రియా రీతిలో పాత రూపం. ఆ రూపాలన్నీ పాసే సేంప్ల్ మీదే కట్టారు కాబట్టి ఇది వస్తే అవీ వాటంతట అవే తెలుస్తాయి. ఇప్పుడే వాటి జోలికి పోవద్దు.

ఒక చిన్న పేరా రాసి చూపిస్తాను. చదువుతూ క్రియల తోకలు చూడండి.

ఇల్ ప్లవే దెప్వీ ల మాతేఁ. వేర్ మిదీ, లా పోర్త్ సూవ్రీ. యూన్ వియేయ్ ఫామ్ ఆంత్రా, పోజా సోఁ పానియే పార్ తేర్ ఎ దెమాందా ద లో. లే జాంఫాఁ స త్యూర్. ల పేర్ ప్రీ యూన్ క్ర్యూష్, లా మేర్ ఫీ షోఫే ద్యూ లే. కాఁ లా వియేయ్ యూ బ్యూ, ఎల్ సూరీ, స లెవా ఎ దిస్పార్యూ.

పొద్దుటి నుంచీ వాన పడుతూనే ఉంది. మధ్యాహ్నం వేళకు తలుపు తెరుచుకుంది. ఒక ముసలామె లోపలికి వచ్చి, బుట్ట కింద పెట్టి, నీళ్లు అడిగింది. పిల్లలు నోరు మూశారు. తండ్రి కూజా అందుకున్నాడు, తల్లి పాలు కాచింది. ముసలామె తాగేశాక నవ్వి, లేచి, మాయమైంది.

మొదటి క్రియ ‘ప్లవే’ ఏంపార్ఫే. వాన పడుతూ ఉంది, ఎప్పుడు ఆగిందో కథకు అక్కర్లేదు. ఆ తర్వాత ఏంపార్ఫే ఒక్కటీ లేదు. ఆంత్రా, పోజా, దెమాందా, లెవా: ఆ గుంపు. సూవ్రీ, ప్రీ, ఫీ, సూరీ: ఈ గుంపు. త్యూర్, దిస్పార్యూ: యూ గుంపు. ‘యూ బ్యూ’ రెండు ముక్కలుగా ఉంది చూడండి, ఆవ్వార్ పాసే సేంప్ల్ రూపం, పక్కన పార్తిసీప్. దాన్ని పాసే ఆంతేర్యర్ అంటారు. ఒక పని పూర్తయి, వెంటనే ఇంకొకటి మొదలైందని చెప్పడానికి వస్తుంది. మన ‘తాగేశాక’ సరిగ్గా అదే పని చేస్తోంది.

తెలుగు వాక్యంలో ఇంకొకటి గమనించారా? ఫ్రెంచిలో ముసలామె వచ్చింది, పెట్టింది, అడిగింది అని మూడు పూర్తి క్రియలు వరసగా నిలబడ్డాయి. తెలుగులో నేను వచ్చి, పెట్టి, అడిగింది అన్నాను. ఒకదాని తర్వాత ఒకటిగా జరిగే పనులకు మనం క్త్వార్థకం వాడి చివరి క్రియను మాత్రమే ముగిస్తాం. ఫ్రెంచివాడు ప్రతి పనినీ ముగిస్తూ పోతాడు. పాసే సేంప్ల్ క్రియలు గుంపుగా వరసలో కనబడితే మనసులో ‘చేసి, చేసి, చేశాడు’ అని చదువుకోండి. అర్థం చప్పున అందుతుంది. ఏంపార్ఫే కనబడితే ‘చేస్తూ ఉన్నాడు’, ‘చేసేవాడు’ అని చదువుకోండి.

క్లాసుల్లో దీన్ని ‘కొద్దిసేపు జరిగిన పనికి పాసే సేంప్ల్, చాలాసేపు జరిగినదానికి ఏంపార్ఫే’ అని చెబుతుంటారు. ఈ సూత్రం తప్పు. మీ చేతిలో ఉన్న పుస్తకంతోనే చూపిస్తాను. అందులో ‘లా పార్యూర్’ ఉండే ఉంటుంది. 1884లో రాసిన కథ, మన పిల్లలు ఇంగ్లీష్ పాఠాల్లో ‘ద నెక్లెస్’ అని చదివేది. మొదట్లో ఒకటి రెండు తప్ప అన్నీ ఏంపార్ఫే క్రియలే. మతీల్ద్ అందమైనది, డబ్బులేనిది, ఎప్పుడూ బాధపడుతూ ఉండేది, గొప్పింటి గదుల గురించి కలలు కంటూ ఉండేది. ఏమీ జరగదు, అన్నీ ఉంటాయి. అలా కొంత నడిచాక ఒక సాయంత్రం భర్త చేతిలో పెద్ద కవరుతో ఇంటికి వస్తాడు. అక్కడ ‘రాంత్రా’. ఆ క్రియతో కథ కదులుతుంది. వెంటనే ఆమె కవరు చించింది, కార్డు బయటికి తీసింది: దెషీరా, తీరా. అక్కడి నుంచి ‘ఆ’ తోకలు వరసకట్టి వస్తాయి. ఆ మొదటి పేజీలు మీరు ఇప్పుడే, ఇవాళే చదవగలరు. ఎందుకంటే ఏంపార్ఫే మీకు వచ్చు.

అదే కథలో అప్పు తీర్చే భాగానికి వచ్చేసరికి ఒక చిన్న వాక్యం ఉంటుంది: ఎ సెత్ వీ ద్యూరా దీజాఁ. ఆ బతుకు పదేళ్లు సాగింది. పదేళ్లు! అయినా ‘ద్యూరా’, పాసే సేంప్ల్. కాలం ఎంత పొడుగన్నది కాదు లెక్క. మొదలూ చివరా ఉన్న ముద్దగా బయటినుంచి చూస్తే పాసే సేంప్ల్, లోపల నిలబడి చూస్తే ఏంపార్ఫే. పదేళ్లను మొపాసాఁ ఒక్క క్రియలో మూట కట్టేశాడు. ఏంపార్ఫేలో రాసి ఉంటే ఆ దెబ్బ తగిలేది కాదు.

సంభాషణలు వచ్చే చోట ఇంకో తేలిక ఉంది. కొటేషన్ల లోపల పాత్రలు మాట్లాడేటప్పుడు మామూలు మనుషుల్లా పాసే కోంపోజేనే వాడతారు. కొటేషన్ మూసీ మూయగానే రచయిత ‘దీతిల్’, ‘దెమాందాతిల్’, ‘రెపోందీతెల్’ అంటాడు. అన్నాడతను, అడిగాడతను, జవాబిచ్చిందామె. ‘దెమాందా’కు తన టీ లేదు కాబట్టి మధ్యలో అడ్డగీతల నడుమ ఒక టీ అరువు తెచ్చుకుంటారు, మిగతావాటికి ఆ అవసరం లేదు. కథల్లో ఇవి ఎంత తరచుగా వస్తాయంటే, నాలుగు కథలు అయ్యేసరికి కళ్లు వాటిమీద ఆగవు.

మొపాసాఁ ‘నేను’తో చెప్పే కథలు కూడా చాలానే ఉన్నాయి. వాటికి కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ. ఆ గుంపులో జ పార్లే, ఇందాక చెప్పిన ఏ-ఐ. మిగిలిన మూడు గుంపుల్లో ‘అతడు’ రూపంలో చివరి టీ తీసి ఎస్ పెడతారు, అంతే. పలుకు మారదు. జ ఫ్యూ, జ వీ, జ ప్రీ, జ వేఁ. నూ, వూ వరసలు ఎదురైనప్పుడు అచ్చు మీద టోపీ, చివర ఎమ్-ఈ-ఎస్ లేదా టీ-ఈ-ఎస్ చూసి పోల్చుకుంటే చాలు. వూ వరసలోవి ఇప్పుడు ఫ్రెంచివాళ్లకే నవ్వు తెప్పిస్తాయి, ఎవరైనా వాడారంటే సరదాకే.

పరీక్ష గురించి భయం అక్కర్లేదు. బీ2లో మీరు రాసే ఉత్తరానికి, వ్యాసానికి పాసే కోంపోజే, ఏంపార్ఫే సరిపోతాయి. పైగా పాసే కోంపోజేలో నడుస్తున్న పేరాలో మధ్యలో ఒక ‘ఫ్యూ’ వచ్చి పడితే అందం రాదు, అతికించినట్టు ఉంటుంది. రెండూ కలపకుండా ఉండటమే మేలు. కథలు రాయాలనే కోరిక మీకుంటే, అది వేరే సంగతి. అప్పుడు కూడా పాసే సేంప్ల్ తప్పనిసరి ఏమీ కాదు. 1942లో కామ్యూ ‘లెత్రాంజే’ నవలను ప్రధానంగా పాసే కోంపోజేలోనే నడిపాడు. అప్పట్లో అది పాఠకులకు విడ్డూరం. ఒక్కో వాక్యం పక్కదానితో సంబంధం లేకుండా తెగిపడినట్టు ఉండటం చాలావరకు ఆ కాలం చేసిన పనే. మొపాసాఁ కథ ఒకటి అయ్యాక ‘లెత్రాంజే’ తెరిచి పక్కపక్కన పెట్టి చూడండి. ఈ కాలం ఏం చేస్తుందో, అది లేని చోట బాగా తెలుస్తుంది.

రాయడం మొదలుపెడితే తప్పులు వస్తాయి, రానివ్వండి. ఫ్రెంచి పిల్లలు కూడా అన్నిటికీ ‘ఆ’ తగిలించి ‘ఇల్ ప్రెనా’ అని రాసేస్తారు. పెద్దవాళ్లు ఇరుక్కునే చోట్లు కూడా ఉన్నాయి. పాలు పితకడం అనే ‘త్రేర్’ క్రియకు అసలు పాసే సేంప్ల్ లేదు. ఏదో ఒక కథలో రైతు ఆవును కట్టేస్తాడు, చెంబు తెస్తాడు, పక్కన కూర్చుంటాడు, అన్నీ పాసే సేంప్ల్‌లో. సరిగ్గా పితికే వేళకు రచయిత ఇంకో క్రియ వెతుక్కోవాలి. ఎక్స్‌త్రేర్, దిస్త్రేర్ కూడా ఆ బాపతే.

క్రియా రూపాల పుస్తకం కొనాలా అని చాలామంది అడుగుతారు, మీరూ అనుకుంటూనే ఉంటారు. బెషెరెల్ అనే పుస్తకంలో 12,000 క్రియలు ఉంటాయి. దగ్గర ఉంటే మంచిదే, సందేహం వచ్చినప్పుడు తిరగేయడానికి. దాన్ని ముందేసుకుని బట్టీ పట్టడం మాత్రం మళ్లీ పాత పనే. దానికంటే మీ మొపాసాఁ పుస్తకం వెనక ఖాళీ పేజీ మీద డిక్షనరీకి దొరకని పొట్టి రూపాలు మీ చేత్తో రాసుకోండి: ఫ్యూ, యూ, ఫీ, వీ, ప్రీ, మీ, వేఁ, తేఁ, స్యూ, ప్యూ, ద్యూ, త్యూ, నకీ, వేక్యూ. స్పెల్లింగ్‌తో, పక్కనే అసలు క్రియతో. మిగతావన్నీ డిక్షనరీలో పక్క పేజీలోనో, మొదటి మూడు అక్షరాలతోనో దొరుకుతాయి. చదువుతున్నప్పుడు తెలియని క్రియ దగ్గర ప్రతిసారీ ఆగకండి. తోక చూసి ఏ గుంపో, ఒకరా పలువురా అని పోల్చుకుని ముందుకు పోండి. అదే క్రియ మూడోసారి తగిలితే అప్పుడు వెతకండి.

‘లా పార్యూర్’తోనే మొదలుపెట్టండి, కథ ముందే తెలుసు కాబట్టి కళ్లు క్రియల మీద పెట్టవచ్చు. తర్వాత పేరో కథలు బాగుంటాయి, 1697 నాటివి. సిండ్రెల్లా, ఎర్రటోపీ పిల్ల కథలు కనుక అర్థం కోసం తడుముకోవాల్సిన పని ఉండదు, వాక్యాలు మాత్రం కొంచెం పొడుగు. నకలు కాక అసలు పాఠం ఉన్న ప్రతి చూసుకుని కొనండి. పిల్లల కోసం మార్చి రాసిన కొన్ని కొత్త ప్రతుల్లో పాసే సేంప్ల్ తీసేసి వర్తమానం పెట్టేస్తున్నారు. చదువుతూ ఎక్కడైనా ఇరుక్కుంటే ఆ వాక్యం మొత్తం రాసి పంపండి. ఒక్క క్రియే పంపితే ‘వీ’ అంటే చూశాడో, బతుకుతున్నాడో నేనూ చెప్పలేను.